గేజి మీద బొట్టు

మొన్న ఆదివారం మా వీధి చివరింటి చరణ్ ఒక పెద్ద అట్టపెట్టె మోసుకొచ్చి మా డైనింగ్ టేబుల్ మీద దబ్బున పెట్టాడు. చరణ్‌ది వరంగల్. ఇక్కడ అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఏదో కార్ల కంపెనీకి సాఫ్ట్‌వేర్ రాస్తాడు. ఈ మధ్య ఆఫీసు స్నేహితులతో రేంజికి వెళ్ళి తుపాకీ కాల్చే సరదా పట్టుకుంది. ఇప్పుడు తన రైఫిల్‌కి పాత బారెల్ ఊడదీసి కొత్తది తనే బిగించుకుంటాడట. “అంకుల్, టూల్స్ అన్నీ ఆర్డర్ చేసేసిన. పొద్దున్నే డెలివరీ అయినయి, చూడండి” అంటూ ఒక్కొక్కటే తీసి పేర్చాడు. బారెల్‌ని కదలకుండా పట్టుకునే వైసు, తుపాకీ వెనక భాగాన్ని పట్టి తిప్పే రెంచి, చిన్న డబ్బాలో కొలత సరిచూసే గేజీలు రెండు. అన్నీ తళతళలాడుతూ కొత్త ఇనుము వాసన కొడుతున్నాయి. ఉప్మా పళ్ళేలు పెట్టడానికి నాకు టేబుల్ మీద మూరెడు చోటు మిగిలింది. మా ఆయన కళ్ళజోడు సర్దుకుని ఒక్కొక్క పనిముట్టూ ఎత్తి కిటికీ వెలుతురులో తిప్పి తిప్పి చూశారు. ఎనభై దాటిన మనిషి, కాఫీ గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణుకుతుంది. ఇనుము పట్టుకుంటే మాత్రం వణకదు. అది చూస్తే నాకు ఎప్పుడూ ఒళ్ళు మండుతుంది.

“మీరు గూడ చేసిన్రా అంకుల్ ఇట్లాంటిది?” అని అడిగాడు చరణ్.

“ఒకటి చేశానయ్యా, మేం వచ్చిన కొత్తలో. మా నైబర్ రైఫిల్. టూల్స్ నేనే తయారు చేశాను” అన్నారు మా ఆయన, కుర్చీలో కొంచెం నిటారుగా కూర్చుని.

“ప్రాబ్లమ్స్ ఏమన్నా వచ్చినయా?”

ఆయన గేజిని డబ్బాలో పసిబిడ్డని పడుకోబెట్టినట్టు పడుకోబెట్టి, “గేజి మీద చిన్న సర్ఫేస్ ప్రాబ్లమ్. అంతే” అన్నారు.

సర్ఫేస్ ప్రాబ్లమ్! నా చేతిలో పచ్చడి గిన్నె జారి పడలేదు, అదే గొప్ప. ఇన్నేళ్ళుగా ఎవరు అడిగినా ఇదే మాట. స్నేహితులకి ఇదే, పిల్లలకి ఇదే, ఆఖరికి ఒక గృహప్రవేశంలో నన్ను పక్కన పెట్టుకుని ఎవరో డాక్టరుగారికి చెప్పినప్పుడూ ఇదే. ఏవండీ, అది బొట్టండీ, మీ అమ్మగారు చెబితే నేను నా వేలితో పెట్టిన కుంకుమ బొట్టు, దాన్ని ఇంగ్లీషులో ఏ సర్ఫేస్ అంటారో నాకు తెలీదు గానీ తెలుగులో బొట్టే అంటారు అని అరవాలనిపించింది. కుర్రాడి ముందు బాగుండదని వంటింట్లోకి వెళ్ళి నాలుగు గిన్నెలు గట్టిగా చప్పుడు చేశాను. ఆ చప్పుడుకి అర్థం ఆయనకి బాగా తెలుసు. తెలిసీ రెంచి పళ్ళు చూస్తూ కూర్చున్నారు. ఆయన ఈ జన్మకి చెప్పరు. అందుకని నేనే చెబుతున్నాను.

అప్పుడు మేం ఈ ఇంట్లో లేం. ఇక్కడికి దగ్గర్లోనే రెండు పడగ్గదుల చిన్న ఇల్లు, పక్కన ఒంటి కారు గరాజ్. మా ఆయన కార్ల భాగాలు చేసే ఒక ఫ్యాక్టరీలో, పనిముట్లు తయారయ్యే టూల్ రూమ్‌లో ఇంజనీరు. సాయంత్రం తలుపు తీస్తే ముందు నూనె వాసన లోపలికి వచ్చేది, ఆ వెనకాల ఆయన వచ్చేవారు. ఇనుము కోసేటప్పుడు పోసే నూనె, ఎన్నిసార్లు ఉతికినా చొక్కాల్లోంచి పోదు. చలికాలం కిటికీలు తెరవం కదా, నా ఇంగువ పోపూ ఆయన నూనే కలిసి ఇల్లంతా ఒక కొత్త రకం వాసన. కోట్లు వేసుకుని బయటికి వెళితే మేం వచ్చామని మనుషులకి మాకన్నా ముందే తెలిసేది. నేనూ కొత్త, దేశమూ కొత్త. డ్రైవింగ్ నేర్పిస్తానని ఆయన పెళ్ళయిన నెలలో మాటిచ్చారు. ఈ వారం, వచ్చే వారం అంటూనే ఏడాది దాటించారు. కూరగాయలు కావాలన్నా ఆయన గరాజ్‌లోంచి బయటికి వచ్చేదాకా కాచుకోవాలి. ఆయనేమో రారు.

మామగారు పోయినప్పుడు ఆయన ఒక్కరే ఊరు వెళ్ళి కర్మ అంతా చేసి వచ్చారు. ఇద్దరికీ టిక్కెట్లు కొనే స్తోమత అప్పుడు లేదు. తర్వాత ఏడాదికి మా అత్తగారిని ఇక్కడికి తీసుకొచ్చారు. ఆవిడ పద్ధతులు ఆవిడవి. తెల్లారకుండా లేచి స్నానం చేసి, చలికి పళ్ళు టకటకలాడుతున్నా తడిచీర మీదే దీపం పెట్టేవారు. ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం ముట్టేవారు కాదు. గరాజ్‌ని కారు కొట్టం అనేవారు. మధ్యాహ్నమంతా కిటికీ దగ్గర కూర్చుని, మందుల షాపులో కొన్న దూది చుట్ట విప్పి వత్తులు చేసుకునేవారు. ఆ నైబర్ తుపాకీ ఇంటికి వచ్చాక, దాని గొట్టంలో నూనె తుడవడానికి ఆ దూదే మా ఆయన ఎత్తుకుపోయేవారు. “ఒరేయ్ శేషగిరీ, దేవుడి దూది తీసుకుపోయి ఆ పాపిష్ఠి గొట్టంలో కుక్కుతావురా?” అని ఆవిడ కేకలు వేస్తే, ఆయన పక్కింటి పిల్లాడు తిట్టు తింటున్నట్టు విని, మర్నాడు మళ్ళీ తీసుకుపోయేవారు. ఒక్క సంగతి మాత్రం ఆ ఇంట్లో ఎవరం మాట్లాడుకునేవాళ్ళం కాదు. మామగారు పోయినప్పటి నుంచీ ఆవిడ కుంకుమ భరిణ ముట్టుకునేవారు కాదు. పువ్వులు ఆవిడ పెడితే కుంకుమ నేను పెట్టాలి. నా స్నానం ఆలస్యమైతే దేవుళ్ళందరూ నాకోసం కాచుకుని ఉండేవారు.

ఇక వాల్టర్. ఎదురింటాయన. మా ఆయన ఫ్యాక్టరీలోనే, ఇనప రేకులు ఒత్తే ప్రెస్ షాపులో పనిచేసి రిటైరైన మనిషి, భారీగా ఉంటాడు, మెల్లగా మాట్లాడతాడు. మేం వచ్చిన మొదటి చలికాలం, మంచు తొయ్యడం మాకు చేతకాదని చూసి, అడక్కుండా తన పార పట్టుకొచ్చి మా వాకిలి కూడా తోసి వెళ్ళేవాడు. వేసవిలో టొమాటోలు తెచ్చి గుమ్మం దగ్గర పెట్టేవాడు. మా అత్తగారు వాటితో పచ్చడి చేసి ఒక సీసా పంపితే కళ్ళ నీళ్ళు పెట్టుకుని మరీ తిన్నాడు. ఆయన భార్య మేం రాకముందే పోయిందని చెబితే, మా అత్తగారు వత్తి చెయ్యడం ఆపి, “మరి వేలికి పెళ్ళి ఉంగరం ఉందే?” అన్నారు.

“ఇక్కడ తియ్యమని ఎవరూ అడగరు అత్తయ్యగారూ” అన్నాను.

ఆవిడ మళ్ళీ దూది తీసుకున్నారు.

వాల్టర్ ప్రతి ఏడూ జింకల సీజన్‌కి పెద్ద వంతెన దాటి ఉత్తరాన తమ్ముడి క్యాబిన్‌కి వెళ్ళేవాడు. ఆయన రైఫిల్ వాళ్ళ నాన్నది. బారెల్ లోపల మెలికలు తిరిగిన గాడులు ఉంటాయి, గుండు తిన్నగా పోవడానికి. అవి అరిగిపోయి, గురి ఒకచోట పెడితే గుండు ఒకచోటికి పోతోందట. బారెల్ మార్పించాలి అని ఒకరోజు మా వాకిట్లో మాటవరసకి అన్నాడు. అంతే. చీమని కూడా చంపనివ్వని మా ఆయన, గుడ్డు వాసనకే ముక్కు మూసుకునే మా ఆయన, “నేను చేస్తాను వాల్టర్, నాకు వదిలెయ్యి” అన్నారు. వేట మీద ఇష్టమా? కాదు. మనిషికి పనిముట్లంటే పిచ్చి. అప్పటికి జూన్ నెల. నవంబరుకి ఇచ్చేస్తానన్నారు. వాల్టర్ నమ్మి తుపాకీ మా గరాజ్‌లో పెట్టి వెళ్ళాడు.

ఆ పనికి కావలసిన వైసూ రెంచీ అప్పుడు కూడా దొరికేవి. తుపాకుల సరంజామా అమ్మేవాళ్ళ క్యాటలాగ్ వాల్టరే తెచ్చిచ్చాడు. నేను బొమ్మ మీద వేలు పెట్టి, “ఇదిగో, ఇదే కదా కావాల్సింది, ఆర్డర్ చేసెయ్యండి, ఆదివారాలు మిగులుతాయి” అన్నాను. ఆయన నన్ను ఎలా చూశారంటే, ఇంట్లో బియ్యం ఉండగా హోటల్ నుంచి అన్నం తెప్పించమన్నట్టు చూశారు. “టూల్ రూమ్‌లో పనిచేస్తూ టూల్ కొనుక్కుంటారటే ఎవరైనా? డిజైన్ చేస్తే ఒక వీకెండ్ పని” అన్నారు. ఆ వీకెండ్ జులై అంతా నడిచింది. వైసు కోసం మేపుల్ చెక్క దుంగలు రెండు, వాటి నడుమ బారెల్ మందాన బెజ్జం, పైనా కిందా ఇనప పలకలు, నాలుగు బోల్టులు. మొదటి రెంచి వదులైంది. రెండోది తుపాకీ వెనక భాగం మీద గీత పెట్టేట్టు ఉందని ఆయనకే నచ్చలేదు. మూడోది చెయ్యడానికి ఇంకో పనిముట్టు కావలసి వచ్చింది, ఆ పనిముట్టు చెయ్యడానికి మరో పనిముట్టు. కారు ఎండకీ వానకీ బయటే పడి ఉంది. నా డ్రైవింగ్ సంగతి చెప్పక్కర్లేదు. నెత్తీ నోరూ కొట్టుకున్నాను. “అమెరికా వచ్చి గొట్టం బిగించుకుంటూ కూర్చుంటానని మా నాన్న అనుకోలేదండీ” అంటే, “బారెల్ అనవే, గొట్టం కాదు” అని దిద్దారు తప్ప, మిగతా మాట చెవిన వేసుకోలేదు.

తీరా అంతా చేసి బిగిస్తే, రెంచి తిప్పినప్పుడల్లా బారెల్ చెక్కల మధ్య సర్రున జారిపోయేది. పాత బారెల్ ఎన్నేళ్ళ నాటిదో, మర పట్టేసి ఉంది, కదలదు. రోజిన్ పొడి, అంటే ఎండిన చెట్టు జిగురు పొడి, చల్లితే పట్టు వస్తుందని వాల్టర్ చెప్పాడు. ఆదివారం షాపులు మూసి ఉన్నాయి. మా అత్తగారు గుమ్మంలో నుంచుని చూస్తూ, “ధూపం గుగ్గిలం ఉందిరా, అది చల్లు” అన్నారు. ఊరి నుంచి మూటకట్టి తెచ్చుకున్నది. దంచి చల్లారు. పట్టు వచ్చింది! మర వదులవడానికి మా ఆయన వెనక భాగాన్ని మంటతో కొంచెం వేడి చేశారు. ఆ వేడికి గుగ్గిలం కరిగి పొగ లేచింది. గరాజంతా శుక్రవారం పూజగది. వాల్టర్ ముక్కు ఎగబీల్చి, “గిరీ, ఇక్కడ చర్చి వాసన వస్తోంది” అన్నాడు. అప్పుడే బారెల్ కిర్రుమని కదిలింది. ముగ్గురూ చిన్నపిల్లల్లా అరిచారు. ఆ ఒక్క ఆదివారం నాకు కూడా కోపం రాలేదు, ఉన్నమాట చెప్పాలి కదా.

గేజీలు మాత్రం కొన్నారు. అవి ఇంట్లో చేసేవి కావు అని ఆయనే ఒప్పుకున్నారు. వాటి సంగతి ఆయన నాకు ఎంత చెప్పారంటే, ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. తూటా బారెల్ లోపలికి వెళ్ళి కూర్చుంటుంది, వెనక నుంచి బోల్టు అనే గడియ మూసుకుంటుంది. ఆ రెండిటి మధ్యా ఖాళీ సరిగ్గా ఉండాలి. ఎక్కువైతే, కాల్చినప్పుడు తూటా వెనకవైపు చిట్లి, నిప్పులాంటి గాలి కాల్చేవాడి మొహం మీదకి రావచ్చు. కన్ను పోవచ్చు, ఇంకా ఘోరం కూడా జరగొచ్చు. అందుకని తూటా ఆకారంలో ఉక్కుతో చేసిన గేజీలు రెండు. మొదటిది పెడితే బోల్టు మూసుకోవాలి. రెండోది పెడితే మూసుకోకూడదు. కొత్త బారెల్ కావాలనే కొంచెం తక్కువ తొలిచి పంపుతారు. రీమర్ అనే కత్తితో చేత్తో కొంచెం కొంచెం తొలుచుకుంటూ, మొదటి గేజి మీద బోల్టు మూసుకోగానే ఆపెయ్యాలి. వెంట్రుక మందం తేడా కూడా తేడాయేనట. మనిషి ఇంత తెలిసినవాడు.

ఇంతలో దసరా వచ్చింది. ఇంట్లో ఇనుము అన్నదానికి బొట్టు పెట్టాలి అన్నారు మా అత్తగారు. ఆవిడ భరిణ ముట్టుకోరు కదా, రెండు బారల దూరంలో నుంచుని వేలు చూపించడం, నేను పెట్టడం. కత్తిపీటకి పెట్టాను. కుక్కర్‌కి పెట్టాను. కుట్టు మిషన్, కారు, గడ్డి కోసే మిషన్, మంచు పార. గరాజ్‌లోకి తీసుకెళ్ళారు. వైసుకి, మూడు రెంచీలకి, పనికిరాని రెండిటితో సహా. “ఆ డబ్బాలోవి?” అన్నారు. “అవి చాలా నాజూకువిట అత్తయ్యగారూ” అన్నాను. “నాజూకువైతే మరీ పెట్టాలి” అన్నారు. గేజీలు రెండూ నిలబెట్టి, బిళ్ళలా చదునుగా ఉన్న వెనక వైపున గంధం అద్ది, దాని మీద కుంకుమ పెట్టాను. ఎక్కడ పెట్టాలో నాకేం తెలుసు? చోటు అక్కడే ఉంది. గంధం ఆరి గట్టిపడి చక్కగా నిలిచింది.

దసరా వెళ్ళాక ఆయన బారెల్ తొలవడం మొదలుపెట్టారు. ప్రతి సాయంత్రం గరాజ్‌లోంచి విసుగు వినిపించేది. “ఇంకా మూసుకోవట్లేదేంటి? ఆ కంపెనీ వాడెవడో చాలా మెటీరియల్ వదిలేశాడు” అని గొణుక్కుంటూ, ఇంకొంచెం తొలిచి, మళ్ళీ గేజి పెట్టి, రెండు వేళ్ళతో బోల్టు మెల్లగా నొక్కి చూసేవారు. గట్టిగా నొక్కకూడదట. చివరికి ఒక రోజు మూసుకుంది. రెండో గేజి మీద మూసుకోలేదు. ఆయన ఆనందానికి పట్టపగ్గాల్లేవు, నాకు కూడా గరాజ్ ఖాళీ అవుతుందని ప్రాణం లేచొచ్చింది. రేంజికి వెళ్ళి రెండు తూటాలు కాల్చి చూద్దామంటే ఆ వారమంతా వాన. “అక్కడికి వెళ్ళాక నేనే కాల్చి చూసుకుంటాలే గిరీ” అని వాల్టర్ రైఫిల్ తీసుకుపోయాడు.

వాల్టర్ బయల్దేరే రోజు మధ్యాహ్నం నేను గరాజ్ ఊడుస్తున్నాను. గేజీల డబ్బా మూత తెరిచే ఉంది. మూయబోతూ చూశాను. మొదటి గేజి మీద బొట్టు అంచులు చిట్లి, చదునుగా, మెరుస్తూ ఉంది. గోడకి అంటించినంత గట్టిగా నొక్కుకుపోయి ఉంది. డబ్బా తీసుకుని లోపలికి వచ్చి, “ఏవండీ, ఈ బొట్టు ఇలా అణిగిపోయిందేంటి?” అని అడిగాను. ఊరికే అడిగాను. ఆయన కాఫీ తాగుతున్నారు. గ్లాసు కింద పెట్టి, లేచి, సన్నని కొలతలు చూసే మైక్రోమీటర్ తెచ్చారు. బొట్టు మీద ఒకసారి కొలిచారు. పక్కకి జరిపి బొట్టు లేనిచోట ఒకసారి కొలిచారు. మళ్ళీ బొట్టు మీద.

“రెండో గేజి కొలత కూడా దాటిపోయింది రాజ్యం. దాని మీదా బొట్టుంది, అందుకే అది పట్టివ్వలేదు. బొట్టు మందాన ఎక్కువ తొలిచేశాను” అన్నారు.

“అంటే వాల్టర్ కాలిస్తే?” అన్నాను.

ఆయన మైక్రోమీటర్ పక్కన పెట్టారు.

“మీకు ఇది కనిపించలేదా? ఇంత ఎర్రగా ఉంటే?”

“కనిపించింది.”

“కనిపించిందా!”

“కనిపించకపోవడమేంటే, కనిపించింది. పలచగానే ఉందనుకున్నా. అమ్మ పెట్టించిన బొట్టు, ఎలా తుడుస్తాను?”

ఇక నాకు ఎక్కడలేని ఆవేశం వచ్చింది. వెంట్రుక తేడా తేడాయే అని నాకు పాఠాలు చెప్పిన మనిషి! చేతులు సబ్బుతో కడుక్కుని గానీ ఆ గేజీలు ముట్టని మనిషి! “మీ ఇంజనీరింగ్ తగలెయ్య, లేవండి, ముందు వెళ్ళి చెప్పండి ఆయనకి” అని అరిచాను. ఆయన లేవరు. “ఏమని చెప్పను? మా అమ్మ తుపాకీ సామాను మీద బొట్టు పెట్టించింది, నేను తుడవలేదు అని చెప్పనా? వాల్టర్ ఊరుకున్నా ఆయన స్నేహితులంతా మా టూల్ రూమ్ వాళ్ళే. జన్మంతా నవ్వుతారు” అన్నారు. ఎదురింటి వాకిట్లో వాల్టర్ ట్రక్కు స్టార్ట్ అయిన చప్పుడు వినిపిస్తోంది, ఈయన నవ్వుల గురించి ఆలోచిస్తున్నారు.

ఆ రోజుల్ని ఇప్పటివాళ్ళు నమ్మరు. చరణ్ వాళ్ళావిడ కిందటి దసరాకి ల్యాప్‌టాప్‌కి, కార్‌కి, చరణ్ తుపాకీకి కూడా బొట్లు పెట్టి ఫోటోలు తీసి అందరికీ పంపించింది. ఆఫీసులో అమెరికన్ స్నేహితులు కూడా లైకులు కొట్టారట. కార్ల డీలర్ దగ్గర చక్రాల కింద నిమ్మకాయలు పెడితే సేల్స్‌మన్ నిలబడి చప్పట్లు కొడతాడు. అప్పుడు మేం అలా లేం. షాపుకి వెళ్ళేటప్పుడు నా బొట్టు చూసి పిల్లలు దెబ్బ తగిలిందా అని అడిగేవారు. అందుకే మా ఆయన నన్ను చిన్నది పెట్టుకోమనేవారు, టూల్ రూమ్ పార్టీకైతే అసలు వద్దనేవారు. ఇంట్లో ఒక మనిషి, గడప దాటితే ఇంకొక మనిషి. ఇంట్లో మనిషి బొట్టు తుడవలేకపోయాడు, గడప దాటిన మనిషి అది బొట్టని చెప్పలేకపోయాడు. ఇద్దరి మధ్యా వాల్టర్ కన్ను పోయేట్టుంది. ఇప్పుడు అన్నీ క్లిక్ చేస్తే ఇంటికొస్తున్నాయి, సిగ్గు కూడా పోయింది, సంతోషమే. మరి ఈయన ఇంకా ఆ మాట నోటితో ఎందుకు అనరో నాకు అర్థం కాదు, ఎన్ని గిన్నెలు చప్పుడు చేసినా అర్థం కాదు.

మా అత్తగారు కిటికీ దగ్గర దూది ఒళ్ళో పెట్టుకుని అంతా వింటున్నారు. “ఆ మనిషికి ఏమవుతుందే అమ్మాయ్?” అని నన్ను అడిగారు. తూటా వెనక్కి చిట్లి మొహం కాలుతుంది, కళ్ళు పోవచ్చు అని చెప్పాను. ఆవిడ ఒళ్ళోంచి దూది తీసి పక్కన పెట్టారు. నేను మా ఆయన్ని చెయ్యి పట్టి లాక్కుంటూ వీధి దాటించాను.

వాల్టర్ ట్రక్కు వెనక సామాను తాళ్ళతో కడుతున్నాడు. నారింజ రంగు కోటు, టోపీ. “గుడ్‌బై చెప్పడానికి వచ్చారా?” అన్నాడు నవ్వుతూ.

“వాల్టర్, రైఫిల్ ఒక్కసారి ఇస్తావా? గేజిలో చిన్న సర్ఫేస్ ప్రాబ్లమ్. ఇంకోసారి చెక్ చేస్తాను” అన్నారు మా ఆయన.

“ఓ గిరీ! జూన్ నుంచి నీ దగ్గరే కదా ఉంది! పర్ఫెక్ట్ అని నువ్వే చెప్పావు. నువ్వు చెక్ చెయ్యడం మొదలుపెడితే నాకు క్రిస్మస్ వచ్చేస్తుంది. తమ్ముడు ఎదురుచూస్తున్నాడు” అని వాల్టర్ ట్రక్కు వెనక తలుపు వేసేశాడు. మా ఆయన, “అది కాదు, చిన్నది... టాలరెన్స్...” అని నసుగుతున్నారు. నేను నోరు తెరిచాను. నాకొచ్చిన ఇంగ్లీషు ముక్కలు ఏ ఒక్కటీ సమయానికి రాలేదు. “నో షూట్, నో షూట్” అన్నాను. వాల్టర్‌కి నవ్వొచ్చింది. జింకల మీద జాలి పడుతున్నానని అనుకున్నాడు.

అప్పుడు వెనక చెప్పుల చప్పుడు వినిపించింది. మా అత్తగారు చీర మీద మా ఆయన స్వెట్టర్ వేసుకుని వీధి దాటి వస్తున్నారు. అరచేతిలో గేజి. ఆ వీధి ఆవిడ ఎప్పుడూ దాటలేదు. తిన్నగా వాల్టర్ ఎదుటికి వచ్చి, గేజి నిలబెట్టి, దాని మీది ఎర్ర బొట్టు చూపించారు. రెండు వేళ్ళు దగ్గరగా పెట్టి, ఆ సందులోంచి చూస్తూ, ఇంత మందం అన్నారు తెలుగులోనే. తర్వాత ట్రక్కులో ఉన్న రైఫిల్ చూపించి, పిడికిలి తన కంటి దగ్గర పెట్టుకుని, ఒక్కసారిగా విప్పి, “ఠప్!” అన్నారు. వాల్టర్ నవ్వు ఆగిపోయింది. ప్రెస్ షాపులో జీవితమంతా గేజీలు వాడిన మనిషి ఆయన. బొట్టు చూశాడు, గేజి చూశాడు, మా ఆయన మొహం చూశాడు. తలుపు తీసి, రైఫిల్ ఒరతో సహా తెచ్చి మా అత్తగారి చేతుల్లో పెట్టాడు.

“తమ్ముడి దగ్గర ఇంకోటి ఉంది, దాంతో కానిచ్చేస్తా. చలికాలమంతా ఉంది గిరీ, తీరిగ్గా బాగుచెయ్యి” అన్నాడు. తర్వాత అడిగాడు, కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. “కానీ ఎందుకు తుడిచెయ్యలేదు?”

మా ఆయన తల దించుకున్నారు.

“ఏమంటున్నాడే?” అన్నారు మా అత్తగారు నాతో.

“బొట్టు ఎందుకు తుడవలేదని అడుగుతున్నాడు అత్తయ్యగారూ.”

ఆవిడ రైఫిల్ నా చేతికిచ్చారు. మామగారు పోయాక కుంకుమ అంటని ఆ వేళ్ళతో చీర చెంగు తీసుకుని, గేజి మీద గట్టిగా, ఎండిన గంధం రాలిపోయేదాకా రుద్దారు. చెంగు ఎర్రబడింది. ఉక్కు తెల్లగా మెరిసింది. దాన్ని కొడుకు చేతిలో పెట్టి అన్నారు, “నా మొహాన ఉన్నదాన్ని తుడిచారు కదరా. నువ్వు పక్కనే నుంచున్నావు, వద్దని ఒక్క మాట అనలేదు. ఈ ఇనప ముక్కకి తుడవడానికి నీకు చేతులు రాలేదా?”

ట్రక్కు ఇంజను గురగురమంటోంది.

“ఆవిడ ఏమంటోంది గిరీ?” అని అడిగాడు వాల్టర్.

మా ఆయన గేజిని పిడికిట్లో బిగించి పట్టుకుని, ఇంగ్లీషులో, “ఇప్పుడు శుభ్రంగా ఉందంటోంది” అన్నారు.